వంగిన బల్ల మీద యూరియా

ఆదివారం పొద్దున్నే రాంప్రసాద్ పెట్టుకున్న పని చిన్నదే. కొత్త భోజనాల బల్లకి వార్నిష్ కొట్టి, తోడల్లుడి మెప్పు కొట్టెయ్యాలి. తిరువూరులో ప్లాస్టిక్ సామాను అమ్మే ఆయనకి చెక్కపని పిచ్చి. మామిడి చెక్కలు జిగురుతో అతికించి సొంపుగా పలక చేశాడు. రాత్రి తడి గచ్చు మీద పడుకోబెట్టాడు. తెల్లారేసరికి సొంపు పోయి వంపు వచ్చింది. పలక అప్పడంలా అంచులెత్తింది.

“ఇది బల్లా, పళ్లెమా?” అంది భార్య సాయిప్రసన్న. “అక్కావాళ్లు ఒంటిగంటకి వస్తారు. అప్పటికి ఇది సాపుగా లేకపోతే మీ రంపాలూ ఉలులూ పాతసామాను బండికి వేసేస్తాను.”

విరుగుడు రాంప్రసాద్‌కి తెలుసు. వాకిట్లో తడి గోనె పరిచి, పల్లం కిందికి వచ్చేలా పలకని బోర్లించాడు. ఇక బరువు కావాలి. ఖాళీ యూరియా సంచుల్లో ఇసుక నింపి, కారకుండా మూతులు కుట్టి, పలక మీద పేర్చాడు.

ఆ వారం ఊళ్లో యూరియాకి కటకట. బండి మీద పోతున్న వినగడప రైతు శాంతయ్య సంచుల్ని చూశాడు. అడగలేదు. చెప్పులు విప్పి వాకిట్లో వరసకి పెట్టి, సంచులెక్కి కూర్చున్నాడు. కాసేపట్లో చెప్పుల వరస వీధి మలుపు తిరిగింది.

“శాంతయ్యగారూ, అది ఇసుకండి.”

“మొన్న కొట్టువాడూ లేదనే అన్నాడండి. దాచినోళ్లు ఉందంటారా?”

“విప్పి చూపిస్తాను.”

“వ్యవసాయాఫీసరుగారికి ఫోన్ చేశాం. ఆయనొచ్చేదాకా విప్పనియ్యం.”

ఎవరైనా లాక్కుపోతారని మరో ఆరుగురు కాపలాగా సంచులెక్కారు. ఎండన పడ్డారు పాపమని సాయిప్రసన్న మజ్జిగ తెచ్చింది. “మనిషికెన్నమ్మా?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“రెండేసి తీసుకోండి, బోలెడుంది.”

ఆ మాటతో అందరూ ఇంటికి ఫోన్లు కలిపి బావమరుదుల్ని కూడా రమ్మన్నారు.

ఒంటిగంటకి తోడల్లుడు హర్షవర్ధన్ కారు దిగాడు. పెనుగొలనులో పత్తి వేసిన మనిషి. చెప్పులు విప్పి వరస చివర పెట్టాడు.

“అన్నయ్యా, భోజనానికి రండి,” అన్నాడు రాంప్రసాద్.

“ఉండవయ్యా. కదిలితే నా వెనకోడు ముందుకొస్తాడు. ఇంట్లో ఇంత సరుకు పెట్టుకుని నాకొక్క మాట చెప్పలేదే.”

ఆఫీసరు వచ్చి సంచి కోశాడు. ఇసుక జలజలా రాలింది. “దీనికి నేనెందుకండీ,” అని ఆయన బండెక్కాడు. సంచుల మీదివాళ్లు ఒక్కొక్కరే దిగారు.

“ముందే చెప్పొచ్చు కదండీ,” అన్నాడు శాంతయ్య.

“చెప్పానండి.”

“నమ్మేట్టు చెప్పలేదు.”

రాంప్రసాద్ సంచులు లాగి, గుండె దిటవు చేసుకుని పలక ఎత్తాడు. ఇసుక ఒక్కటే అయితే వారం పట్టేదేమో. ఏడుగురు రైతులు పొద్దుటినుంచి కూర్చునేసరికి పలక గచ్చులా సాపైంది. సాయిప్రసన్న దాన్ని కాళ్ల మీద పెట్టించి, అరచేత్తో ఈ చివరనుంచి ఆ చివరదాకా నిమిరింది. “సరే, రంపాలు ఉంచుకోండి,” అంది.

భోజనాల దగ్గర బల్లలో ఎక్కడా వంకర లేదు. అదంతా హర్షవర్ధన్ మూతికి చేరింది.