నాలుగు దెబ్బల పాట

ఆ రోజు పొద్దున లెక్కలాయన పెట్టుకున్న పని ఒక్కటే: నాలుగు దాకా లెక్కపెట్టడం. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, ఓ రాక్ బృందంలో ముప్ఫయ్యేళ్లుగా పదమూడేసి దెబ్బల తాళాలు డ్రమ్ముల మీద వాయించి, ఆ లెక్కల వల్లే ఆ పేరు తెచ్చుకున్న మనిషికి అది కత్తిమీద సామే. ఆ బృందం పాటల్లో అన్నిటికన్నా పొట్టిది ఇరవై రెండు నిమిషాలు. మధ్యలో ఓ గుడ్లగూబ అరుపు కూడా ఉంటుంది. ఎందుకో రాసినవాళ్లకే గుర్తులేదు.

"ఆ సోది ఇక చాలు. మూడు నిమిషాల పాట, గుండె అదిరిపోయే మోత, అంతే!" అని గిటారు వాయించే బావమరిది తీర్మానించాడు. పది గంటలకు రికార్డుల కంపెనీ మనిషి వినడానికి వస్తున్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది పడిందో, నీ కుర్చీలో డ్రమ్ మిషన్ కూర్చుంటుంది."

"మిషన్‌కి కుర్చీ ఎందుకురా?" అని నవ్వాడే గానీ, లెక్కలాయన కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఆ కుర్చీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

తొమ్మిదిన్నరకు షెడ్డులో కొత్త పాట ఒకసారి వాయించి చూసుకున్నారు. లెక్కలాయన పిల్లిలా భయంభయంగా వాయించాడు. అయినా ఐదో దెబ్బ రెండుసార్లు జారింది. బావమరిది నోరు తెరిచేలోపే తలుపు భళ్లున తెరుచుకుంది. పక్క బేకరీ యజమాని! చేతిలో ట్రే, ట్రేలో జావలాంటి కేకు.

"ఏంటండీ ఈ అన్యాయం! మీ పాట మొదలవగానే ఓవెన్‌లో పెడతాను, అయిపోగానే తీస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి. పాట కుదించేముందు ఓ మాట చెప్పక్కర్లేదా?"

ఇన్నేళ్లకు తమ పాటను చివరిదాకా వినే మనిషి ఒకడు దొరికాడని లెక్కలాయనకు కళ్లు చెమర్చాయి. కేకు సంగతి ఆయన చెవికెక్కనే లేదు.

ఈలోగా అటుపక్క సెలూన్ నడిపే అక్క వచ్చిపడింది. "నేనూ అంతే అన్నయ్యా! జుట్టుకి రంగేసి, మీ పాట అవగానే కడుగుతాను. ఇవాళ కస్టమర్ నెత్తి క్యారెట్టైపోయింది! అద్దం చూడనివ్వకుండా మళ్లీ రంగేసి వచ్చాను."

"ఇద్దరూ వెళ్లండి, పాత పాటే వాయిస్తాం," అని లెక్కలాయన హుషారుగా కర్రలు అందుకున్నాడు. రెండో కేకు ఓవెన్‌లోకి వెళ్లింది. పదమూళ్లు గలగలా పారాయి. గుడ్లగూబ అరవబోతుండగా బావమరిది గడియారం చూసి కెవ్వుమన్నాడు.

"ఆపండి! పది కావస్తోంది. ఇది గానీ కంపెనీ ఆయన చెవిన పడిందంటే మన పని అయిపోయినట్టే!"

తొమ్మిదో నిమిషంలో పాట తెగిపోయింది. బేకరీలో ఓవెన్ తెరుచుకుంది. సెలూన్‌లో కొళాయి తిరిగింది. ఎవరి అలవాటు వాళ్లది మరి.

నిమిషం తిరక్కుండా రెండో జావ వచ్చింది. వెనకే అక్క, ఆమె వెనక మెడలో తువ్వాలుతో ఆ కస్టమర్. నెత్తి సగం క్యారెట్టు, సగం వంకాయ. బేకరీ ఆయనకు ఒళ్లు మండిపోయింది. జావను నేలపాలు చేసి, ఖాళీ ట్రేను ఇనుప తలుపుకేసి బాదడం మొదలుపెట్టాడు. ధన్, ధన్, ధన్, ధన్!

కోపానికి పదమూళ్లు ఏం తెలుసు? లెక్కలాయన చేతులు ఆయన్ని అడక్కుండానే లేచాయి. ట్రే మోగినప్పుడల్లా డ్రమ్ము మోగింది. ఆయన లెక్కే పెట్టలేదు! ముప్ఫయ్యేళ్లలో అదే మొదటిసారి, ఒళ్లు పులకరించిపోయింది. బావమరిది గిటారుతో దూకాడు. పైకప్పు రేకులు అదిరాయి. అక్క కూడా తల విదిలించి ఊగింది. మూడు నిమిషాలకు ట్రే వంగిపోవడంతో పాట ఆగింది.

"ఇక బయటికి నడవండి బాబూ, కంపెనీ ఆయన వచ్చేస్తాడు!" అన్నాడు బావమరిది.

"నేనొచ్చి గంటైంది," అన్నాడు తువ్వాలు మనిషి. "నెరిసిన తలతో వస్తే నన్నూ మీ ముసలి బృందంలో కలిపేస్తారని సెలూన్లో దూరాను. నా ఖర్మ!"

లెక్కలాయన కర్రలు కింద పెట్టి, ఇక తన పని సరి అనుకుంటూ కుర్చీలోంచి లేవబోయాడు.

"మీరెక్కడికండీ? కూర్చోండి! ఇప్పుడు వాయించిందే రికార్డు చేద్దాం. ఒక్క దెబ్బ మార్చొద్దు. ఈ ట్రే ఆయన కూడా ఉండాలి," అన్నాడు కంపెనీ ఆయన.

"నేనొస్తే కేకెవరు చూస్తారండీ?" అన్నాడు బేకరీ ఆయన.

రికార్డింగు నాడు ఓవెన్ పక్కన పాత పాట టేపు పెట్టి, కేకు తీసే బాధ్యత అక్కకు అప్పగించి వెళ్లారు. కేకు బ్రహ్మాండంగా పొంగిందట. గుడ్లగూబ అరుపు దగ్గర మాత్రం కాస్త కుంగిందని అక్క చెప్పింది.