ఖాళీ కుర్చీకి ఎం.బి.ఏ. కావలెను

నలభై దాటిన ప్రతి ఉద్యోగీ ఎం.బి.ఏ. గురించి ఆలోచించి తీరాలని ప్రభుత్వం ఒక చట్టం చేయాలి!

ఎం.బి.ఏ. చేయాలని అనలేదు, గమనించగలరు. ఆలోచించాలని అన్నాను. చేస్తే రెండేళ్లలో అయిపోతుంది. ఆలోచిస్తే రిటైరయ్యేదాకా వస్తుంది. ఏది లాభమో మీరే చెప్పండి!

ఇది గాలిమాట కాదు, సొంత అనుభవం. నా పేరు విజేందర్. మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్ నాది. లారీలు వస్తాయి, బస్తాలు ఎక్కిస్తాం, పంపిస్తాం, మళ్లీ లారీలు వస్తాయి. చదువు బీకాం. హోదా ఇన్‌చార్జి మేనేజర్.

ఇన్‌చార్జి అంటే ఏమిటో మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ ఆఫీసు గడప తొక్కినా ఒక ఇన్‌చార్జి కనిపిస్తాడు. పెళ్లిలో తోటి పెళ్లికొడుకు లాంటివాడన్నమాట. ఫొటోలన్నిటిలో ఉంటాడు, ఎండలో చెమటలు కక్కుతాడు, తాళి మాత్రం కట్టడు.

మా పాత మేనేజరు గారు రిటైరైన రోజు శాలువా కప్పాం, మిక్చరు తిన్నాం, ఫొటో దిగాం. మర్నాడు హెచ్‌ఆర్ కమలాకర్ నన్ను పిలిచి ఆయన పనంతా నాకు అప్పగించాడు. పని మాత్రమే! ఆయన జీతం, ఏసీ గది, నీలం తువ్వాల వేసిన తిరుగుడు కుర్చీ అప్పగించలేదు.

“అన్నా, గా పోస్టుకు ఎం.బి.ఏ. ఉండాల్నని పైనుంచి రూలు పెట్టిన్రు. నువ్వు ఎం.బి.ఏ. చేసుడే ఆలస్యం, కుర్చీ నీదే. గప్పటిదాక జర ఇన్‌చార్జిగ చూసుకో,” అన్నాడు.

“బస్తాలు ఎక్కిచ్చుటానికి ఎం.బి.ఏ. ఎందుకు కమలాకర్?” అని అడిగాను.

అతను నొచ్చుకున్నాడు. “గట్లంటవేందన్నా? స్ట్రాటజీ ఉంటది గద!”

నిజమే సుమండీ! లారీ వెనక్కి తీసేటప్పుడు మా హమాలీ మారయ్య “రానీ, రానీ, రానీ, బస్!” అని కేకేస్తాడు. అది స్ట్రాటజీ అని ఎవరూ చెప్పకపోబట్టి పాపం ఇన్నేళ్లూ ఉత్త కేకే అనుకుంటున్నాడు.

అలా మొదలైంది నా ఆలోచన. దానివల్ల కలిగిన మేళ్లు ఒకటా రెండా!

మొదట ఇంట్లో ఇజ్జత్ పెరిగింది. నా భార్య స్వరూప ప్రైవేటు బడిలో టీచరు. సాయంత్రాలు మా వరండాలో పిల్లలకు ట్యూషన్ చెప్తుంది. అంతకుముందు ఆదివారం వస్తే చాలు, పిండి గిర్నీకి పోయి రమ్మని డబ్బా నా చేతికిచ్చేది. ఇప్పుడు ఫోను పట్టుకుని, నొసలు ముడిచి, “ఎం.బి.ఏ. గురించి చూస్తున్న,” అంటే చాలు! డబ్బా లోపలికి పోయేది, చాయ్ బయటికి వచ్చేది. ట్యూషన్ పిల్లలను కూడా, “అరేయ్, సార్ చదువుకుంటున్నడు, లొల్లి చెయ్యకుండ్రి,” అని కసిరేది. నేను చూస్తున్నది క్రికెట్ స్కోరని ఆ పిల్లలకు తెలుసు. పిల్లలు మంచివాళ్లు, చెప్పలేదు.

రెండోది, బంధుగణంలో పరపతి. దావత్‌కు పోతే మా మేనమామ ఐలేశం పదిమందిలో అడిగేవాడు. “ఏమిరా, ప్రమోషన్ అచ్చెనా లేదా?” ఈ ప్రశ్నకు నేను చాలాకాలం తలొంచుకుని అన్నం కలిపాను. ఎం.బి.ఏ. ఆలోచన వచ్చాక తలెత్తి, “ప్రమోషన్ ఏముంది మామా, ఎం.బి.ఏ. చేద్దామా అని ఆలోచన చేస్తున్న,” అన్నాను. పంక్తి మొత్తం నా వైపు తిరిగింది! మామ వడ్డించేవాణ్ని పిలిచి, “వానికి నల్లీ బొక్క వెయ్యిరా,” అని పురమాయించాడు. ప్రమోషన్ వచ్చినవాళ్లకు కూడా ఆ రోజు ఉత్త ముక్కలే పడ్డాయి.

మూడోది ఆరోగ్యం. బీపీ ఉందేమోనని దవాఖానకు పోతే డాక్టరు గారు, “ఏమైనా ఆలోచనలు చేస్తున్నారా?” అని అడిగారు. ఎం.బి.ఏ. సంగతి చెప్పాను. ఆయన స్టెతస్కోపు తీసి బల్లమీద పెట్టేశారు. ఆయనకూ హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎం.బి.ఏ. చేయాలని ఉందట! ఇప్పుడు చేస్తే ప్రాక్టీసు పోతుందా, తర్వాత చేస్తే వయసు పోతుందా అని ఇద్దరం తర్జనభర్జన పడుతూ కూర్చున్నాం. బయట రోగులు తలుపు కొట్టారు. నా బీపీ చూడనే లేదు గానీ, వచ్చేటప్పుడు నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఇక ఎప్పుడు చేయాలి అన్నది! ఇది పంచాంగకర్తలు పట్టించుకోవాల్సిన విషయం. ముప్పైలో చేద్దామంటే పెళ్లీ, పిల్లలూ. నలభైలో చేద్దామంటే ఇంటి అప్పూ, పిల్లల ఇంటరూ. యాభైలో చేద్దామంటే పుస్తకం కనిపించదు, అద్దాలు పెట్టుకుంటే నిద్రొస్తుంది. గృహప్రవేశానికి ముహూర్తం ఉంది, బోరు వేయడానికి ముహూర్తం ఉంది. మధ్యవయస్కుల ఎం.బి.ఏ.కు ఒక్క ముహూర్తం పెట్టిన పుణ్యాత్ముడు లేడు!

ఈ సందిగ్ధంలో ఒకరోజు నేను చిన్న పొరపాటు చేశాను. ఫీజెంతో చూద్దామని ఆన్‌లైన్ ఎం.బి.ఏ. వెబ్‌సైటు ఫారంలో ఫ్యాక్టరీ పేరు, ఫోన్ నంబరు కొట్టాను. ఇంకేముంది! తెల్లారకముందే ఫోను.

“గుడ్ మార్నింగ్ సర్! నేను మీ కెరీర్ కౌన్సెలర్ భాగ్యశ్రీని మాట్లాడుతున్నానండీ!”

టీవీ యాంకరు తెలుగు. రోజూ చేసేది. లోడింగులో ఉంటే చేసేది, అన్నం తింటుంటే చేసేది, పీనుగ వెంట నడుస్తుంటే కూడా ఒకసారి చేసింది. ఇలాంటి ఫోన్లు పీడ అని మీరు నంబర్లు బ్లాక్ చేస్తుంటారు కదా? ఎంత తెలివితక్కువ పని! మా పెద్దసారు నిన్నటి లోడింగు సంగతి అడుగుతాడు. స్వరూప గ్యాస్ బండ సంగతి అడుగుతుంది. నా భవిష్యత్తు సంగతి అడిగిన ప్రాణి ఈ భూప్రపంచంలో భాగ్యశ్రీ ఒక్కతే.

“ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు సర్?” అని అడిగింది ఒకరోజు.

“గిదే గేటు కాడ,” అన్నాను.

“సూపర్ సర్! మీకు లీడర్‌షిప్ స్పెషలైజేషన్ చాలా బాగా సూటవుతుందండీ!”

ఇలా హాయిగా సాగిపోతున్న ఆలోచనను స్వరూప చెడగొట్టింది. దసరా దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం, ట్యూషన్ పిల్లలు వెళ్లిపోయాక, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వానొస్తే వరండాలో జల్లు కొట్టి పిల్లల పుస్తకాలు తడుస్తున్నాయని, ట్యూషన్ కోసం మిద్దెమీద ఒక గది వేద్దామని తన కోరిక. ఎన్నాళ్లుగానో దానికోసం వెనకేసింది.

“గది ఆపుదాం. గా పైసలతోటి నీ ఫీజు కడుదాం. నీకు కుర్చీ వస్తె గది అదే వస్తది. రేపే చేరు, ఇగ ఆలోచన చాలు,” అంది.

ఆలోచన అంటే నా ఒక్కడిదే అనుకున్నాను గానీ, చేరడమంటే ఆమె గది అనుకోలేదు. రాత్రంతా ఎటూ తేల్చుకోలేకపోయాను. పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండగా భాగ్యశ్రీ ఫోను వస్తే, “చేరుతున్న బిడ్డా,” అనేశాను.

ఈసారి భాగ్యశ్రీ సూపర్ సర్ అనలేదు.

ఏదో అడగాలి కదాని అడిగాను. “ఇన్ని దినాల సంది నన్ను చదువమంటున్నవు. నువ్వేం చదివినవు?”

“ఎం.బి.ఏ. సార్,” అంది. యాంకరు తెలుగు ఎటో పోయింది. “మాది చిట్యాల కాడ. మా నాయిన యోహాను కౌలుకు చేస్తడు. నేను పాసైననాడు చౌరస్తల నా నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిచ్చిండు. మా ఇంట్ల గంత చదివింది నేనే సార్.”

“ఇంక ఉన్నదా ఫ్లెక్సీ?”

“ఉన్నది సార్. వడ్ల మీద కప్పుతున్నం. వానకు మంచిగ ఆగుతది.”

ఎం.బి.ఏ. వల్ల ప్రయోజనం లేదనే పెద్దమనుషులు ఇది చదివి సిగ్గుపడాలి! ఒక కౌలురైతు కుప్ప మొత్తం తడవకుండా కాపాడింది. ఏ బీకాం కాపాడగలదు?

“మరి మంచి నౌకరి చూసుకోలేదా?” అన్నాను.

“చూసిన సార్. పేపర్ల యాడ్ పడితె ఇంటర్వ్యూకు పోయిన. మీ ఫ్యాక్టరీయే. డిస్పాచ్ మేనేజర్ పోస్టు. కమలాకర్ సార్ అడిగిండు. ఎం.బి.ఏ. ఉన్నది గని పదిహేనేండ్ల అనుభవం లేదన్నడు. చిన్న పోస్టన్న ఇయ్యిండ్రి, నేర్చుకుంట అన్న. లేవన్నడు. కుర్చీ మాత్రం ఆడనే ఉండె సార్, ఖాళీగ. దాని మీద నీలం తువ్వాల.”

నేను గేటు తీయించడం మరిచాను. లారీ హారన్ కొడుతూనే ఉంది.

“మీ ఫారంల ఫ్యాక్టరీ పేరు చూసినప్పటిసంది రోజు నేనే చేస్తున్న సార్. గా కుర్చీ ఎవరికన్న వస్తదా లేదా చూద్దామని. మీరు చేరితె నా టార్గెట్ అయితది, లేకపోతె ఈ నెలతోటి తీసేస్తరు. అయినా చెప్తున్న, చేరకుండ్రి సార్. ఈ ఫోన్ రికార్డయితది, అయితె అయింది.”

నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. నాకు అనుభవం ఉంది, ఎం.బి.ఏ. లేదు. ఆ పిల్లకు ఎం.బి.ఏ. ఉంది, అనుభవం లేదు. ఇద్దరినీ ఒకే బస్తాలో వేసి కుడితే ఒక మేనేజరు తయారవుతాడు. కానీ అలాంటి బస్తాలు కుట్టే మిషను మా ఫ్యాక్టరీలో లేదు.

తిన్నగా కమలాకర్ గదికి పోయాను. ఎం.బి.ఏ. వచ్చిన పిల్లను అనుభవం లేదని ఎందుకు పంపావని నిలదీశాను. “రూలన్నా,” అన్నాడు. రేపు నేను ఎం.బి.ఏ. చేసి వస్తే ఏ రూలు తీస్తావని గట్టిగానే అరిచాను. కమలాకర్ లేచి తలుపు మూశాడు.

“నా మీద గరమైతె ఏం లాభం అన్నా? నేను గూడ ఇన్‌చార్జినే.”

“నీకు ఎం.బి.ఏ. ఉన్నది గద!”

“ఉన్నది. హెచ్‌ఆర్ మేనేజర్‌కు లా డిగ్రీ గూడ ఉండాల్నంట.” తల దించుకున్నాడు. “ఎల్.ఎల్.బి. గురించి ఆలోచన చేస్తున్న.”

వాడి మీద కోపమంతా ఎక్కడికి పోయిందో! ఇద్దరం చాయ్ తాగి లేచాం.

ఇంటికొచ్చి స్వరూపకు ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, “అయితె ఇటుకలకు చెప్పిరా పో. వచ్చేటప్పుడు పిండి పట్టిచ్చుకరా,” అని డబ్బా చేతిలో పెట్టింది. చూశారా, ఆలోచన మానేసిన గంటలోనే ఇజ్జత్ ఎలా పోతుందో! అందుకే చెప్తున్నాను, తొందరపడి ఒక నిర్ణయానికి రాకండి.

మర్నాడు భాగ్యశ్రీ ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నేనే చేస్తే ఎవరో అబ్బాయి ఎత్తి, తాను నా కొత్త కెరీర్ కౌన్సెలర్‌నని చెప్పాడు. ఏం చదివావని అడగబోయి ఊరుకున్నాను.

దసరాకు సెక్షన్‌లో ఆయుధపూజ చేశాం. కాంటాకు బొట్టు పెట్టాం, కన్వేయర్‌కు దండ వేశాం, కుట్టు మిషన్లకు నిమ్మకాయలు కట్టాం. చివరకు మారయ్య కుంకుమ గిన్నె పట్టుకుని ఏసీ గది గుమ్మంలో ఆగాడు.

“సార్, గీ ఖాళీ కుర్చీకి గూడ బొట్టు పెట్టాల్నా? ఇదేం పని చేస్తున్నదని?”

“పెట్టు మారయ్యా, నిండుగ పెట్టు,” అన్నాను. “నెల తిరిగేసరికి ఒక మేనేజర్ జీతం మొత్తం కంపెనీకి మిగిలిస్తున్నది. మన ఫ్యాక్టరీల దీనికన్న ఎక్కువ కష్టపడేది ఎవరున్నరు?”

మారయ్య దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టాడు. నేనూ పెట్టాను. దానికి ఎం.బి.ఏ. లేదు, అనుభవం లేదు, వయసు పరిమితి లేదు. ఈసారి ప్రమోషన్ అంటూ ఇస్తే దానికే ఇస్తారు.