కాటమరాజు వేసిన ఈల

మార్కాపురంలో ఫుట్‌బాల్ మీద ఎవరికి ఏ సందేహం వచ్చినా కాటమరాజునే అడిగేవారు. తెల్లదొరల కాలం అది. బంతాట తెలిసినవాడు ఊరికొక్కడుంటే గొప్ప. మనవాడు నూట ఇరవై గొర్రెల ఆసామి. ఉన్ని అమ్మడానికి మద్రాసు పోయి వచ్చినప్పుడల్లా యల్లయ్య కాఫీ హోటల్లో బెంచీ ఎక్కి, చూసిన ఆట గురించి గంటసేపు దంచేవాడు. గోలంటే ఇదీ, పెనాల్టీ అంటే అదీ అని పక్కవాడి కాఫీ గ్లాసు జరిపి చూపించేవాడు. ఆ జరపడంలో రెండు గుటకలు తాగేసేవాడు కూడా.

అసలు సంగతి మీకు చెప్పేస్తాను, ఎవరితోనూ అనకండి. కాటమరాజు జన్మలో ఒక్క ఆటా చూడలేదు. గిద్దలూరు స్టేషన్లో ఒక రైల్వే గార్డు చెప్పిన నాలుగు ముక్కలకు తను నలభై కలిపాడు.

ఒకరోజు పలకల వ్యాపారి చెన్నకేశవులు పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"కాటమన్నా! మన దేశం జట్టు మద్రాసులో ఆడతా ఉంది. సముద్రం అవతల నుంచి ఎవురో వస్తా ఉండారంట. నువ్వు పోయి చూసొచ్చి మాకు చెప్పాల్సిందే."

"పోకుంటే ఎట్ల? నేను లేకుంటే వాళ్లకు ఆట సాగొద్దూ?"

అన్నాడే గానీ లోలోపల లెక్కలు వేసుకోసాగాడు. పోయి చూస్తే మంచిదే, రెండేళ్ల అబద్ధం నిజమైపోతుంది. కానీ పెళ్లాం మస్తానమ్మ వెంట వస్తే? మొగుడికి ఇదే మొదటిసారని ఇట్టే కనిపెట్టేస్తుంది. ఆ మాట ఊళ్లోకి పాకితే ఇక హోటల్లో బెంచీ దక్కదు. అందుకని ఊరంతటికీ మద్రాసు అని చెప్పి, ఇంట్లో మాత్రం పొదిలి అని చెప్పాడు. అంత తెలివి ఆయనది.

"పొదిల్లో మంచి పొట్టేలు అమ్మకానికుందంట. చూసొస్తా."

"పొట్టేల్ని చూసేదానికి ఇస్త్రీ చొక్కా ఎందుకయ్యా?"

"అది మనల్ని చూడదా?"

"తలకు వాసన నూనె కూడానా! కొనేదానికి పోతా ఉండావా, పెళ్లిచూపులకా?"

బయల్దేరేలోపు మూడు రోజులూ మనిషి నిలకడగా కూర్చుంటే ఒట్టు. గోంగూర కట్ట కాలికి తగిలినా తన్నేవాడు. ప్రయాణం రోజు తెల్లారగానే బయటపడి, వెనక్కి చూసుకుంటూ మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషన్ చేరాడు. అక్కడ బెంచీ మీద కొత్త చీర కట్టుకుని, ఒళ్లో మూట పెట్టుకుని మస్తానమ్మ కూర్చుని ఉంది. యల్లయ్య పెళ్లాం దానమ్మ ఇచ్చిన ఎడ్లబండిలో ఆయనకంటే ముందే వచ్చి దిగింది. ఊరంతటికీ తెలిసిన మాట దానమ్మకు తెలియదూ?

"నువ్వా! ఇక్కడేం చేస్తా ఉండావే?"

మస్తానమ్మ మూటలోంచి తాడు తీసింది. "పొట్టేలు కొనబోయేటోడు తాడు మరిచిపోతే ఎట్ల? ఇద్దామని వచ్చినా."

"సరే, ఇచ్చి ఇంటికి పో."

"పొదిలికి రైలెప్పుడేసినారయ్యా? నేనెప్పుడూ ఎక్కలా. మద్రాసు మీదుగా పోతాదంట గదా, రెండు టికెట్లు తీసుకో."

రైల్లో ఆయన లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. గుంటూరులో బండి మారారు, తెనాలిలో మారారు, ఆయన కుదురు మాత్రం మారలేదు. మస్తానమ్మ నువ్వుల ఉండలు తింటూ కిటికీలోంచి పొలాలు చూసింది.

మద్రాసు మైదానం చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చినావు?"

"లెక్కే లేదు."

"మరి వాకిలి యాడుందో తెలీదా?"

"మార్చినట్టుండారు."

ఎలాగో జనం వెంట పోయి లోపల పడ్డారు. అంత పచ్చిక ఒక్కచోట చూసేసరికి ఇద్దరికీ ముందు గొర్రెలే గుర్తుకొచ్చాయి. ఆట మొదలైంది. కాటమరాజు గొంతు సవరించుకున్నాడు.

"చూడు. బూట్లేసుకున్నోళ్లు మనోళ్లు. దేశం జట్టంటే మాటలా? సర్కారే కొనిచ్చింటాది."

"వట్టి కాళ్లతో ఉండేటోళ్లో?"

"పాపం, ఎవురో లేనోళ్లు."

అని బూట్లవాళ్ల పక్షాన గొంతు చించుకున్నాడు. సగం ఆట అయ్యేసరికి ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "యోవ్! మనోళ్లు ఓడిపోవాలని ఇంత దూరం వచ్చావా? వట్టి కాళ్లవాళ్లయ్యా మనవాళ్లు!" అని కసిరాడు. మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదని కాటమరాజుకు అనిపించింది.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుంది. ఇరుపక్కలా గోలు లేదు. ఉన్నట్టుండి మనవాడొకడు బంతితో గుంపులోంచి తప్పించుకుని ఒంటరిగా దూసుకుపోయాడు. ఎదురుగా గోలు కాసేవాడు తప్ప ఎవరూ లేరు. మైదానమంతా లేచి నిలబడింది. కాటమరాజూ లేచాడు. కానీ ముప్పై ఏళ్లుగా గొర్రెలు కాసిన చెయ్యి అది. మందలోంచి ఒకటి విడిపోయి దూరంగా పరుగెత్తుతుంటే ఆ చెయ్యి ఊరుకుంటుందా? రెండు వేళ్లు వాటంతటవే నోట్లోకి పోయాయి. నల్లమల కొండ అవతలున్న గొర్రె కూడా వెనక్కి మళ్లే ఈల ఒకటి వేశాడు.

బంతితో పోతున్నవాడు టక్కున ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. రిఫరీ తన చేతిలో ఉన్న ఈల వంక వెర్రిగా చూసుకున్నాడు. ముందుగా తెలివి తెచ్చుకున్నది బూట్లవాళ్లు. బంతి తన్నుకుపోయి గోలు కొట్టారు. ఆట అయిపోయింది.

"ఎవడ్రా ఈల వేసింది?" అని జనం గోల. పోలీసు లాఠీ పట్టుకుని వరస వరసా వెతుకుతూ వస్తున్నాడు. కాటమరాజు ఆ రెండు వేళ్లూ చొక్కాకు తుడుచుకున్నాడు. నోరు తెరిచి ఏదో అనబోయేంతలో మస్తానమ్మ అందులో ఇంత లావు నువ్వుల ఉండ కుక్కింది.

"నువ్వేనా?" అన్నాడు పోలీసు.

"ఊఁ... ఊఁ..."

"ఏంది సామీ! నోటి నిండా తిండి పెట్టుకున్నోడు ఈల ఎట్ల వేస్తాడు?" అంది మస్తానమ్మ. పోలీసు పక్క వరసకు పోయాడు.

బయటికొచ్చాక కాటమరాజు చేతులు జోడించాడు. "నీకు దండం పెడతానే, ఊళ్లో ఈ మాట అనొద్దు."

"నేనెందుకంటాను?" అని మస్తానమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

ఊరికొచ్చిన మర్నాడు హోటల్ కిటకిటలాడింది. చెన్నకేశవులు పేపరు గట్టిగా చదివాడు. ఎవడో ఈల వేయబట్టి మనవాళ్లు గెలిచే ఆట ఓడిపోయారట.

"వాడు గానీ నా చేతికి దొరికితే సలసలా కాగే డికాషన్లో ముంచి తీస్తా!" అన్నాడు యల్లయ్య. "నువ్వుండి కూడా వాణ్ని వదిలేసినావా కాటమన్నా?"

"నేను... కొంచెం దూరంగా ఉన్నా లే."

అంతలో వాకిట్లో మస్తానమ్మ, చేతిలో తాడు.

"ఏమయ్యో, పొదిలి పొట్టేలు ఎప్పుడు తెస్తావు?"

పదిమంది చూస్తున్నారు. కాటమరాజు మీసం దువ్వాడు. "ఎండ మండిపోతా ఉంటే ఏం పొట్టేలే? దేశం జట్టు ఓడిపోయి మేం ఏడస్తా ఉంటే! ఇంటికి పో."

మస్తానమ్మ కుడిచేతి రెండు వేళ్లు మెల్లగా పైకెత్తి, పెదాల దగ్గరికి తెచ్చింది.

కాటమరాజు బెంచీ దిగి, తాడు భుజాన వేసుకుని, ఎండలో పడి గబగబా నడిచాడు. గ్లాసులో కాఫీ అట్లాగే ఉంది.

యల్లయ్య నోరెళ్లబెట్టాడు. "ఇదేం చోద్యమమ్మా! ఇంత బుద్ధిమంతుడు ఎప్పుడైనాడు?"

"మంద వెంట తిరిగినోడు గదా యల్లన్నా," అంది మస్తానమ్మ. "ఈల వెయ్యకముందే మళ్లుతాడు."

అప్పటికే కాటమరాజు పొదిలి రోడ్డు ఎక్కేశాడు.