తొమ్మిదో అధ్యాయం, గోవిందా

శుక్రవారం పొద్దున్నకి శేషాద్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇసిపింగోలో ఏడింటి టాక్సీ ఎక్కాలి, డర్బన్ ఆఫీసులో యజమాని నార్మన్ అడుగు పెట్టేలోగా పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం చూసి సర్వరు తెరవాలి. దాని పాస్‌వర్డు గురువారం సాయంత్రం తనే మార్చాడు, తనే మరిచిపోయాడు. తొమ్మిదో అధ్యాయం పేరు ‘పాస్‌వర్డు మరిచిపోతే’. అలాంటి మహానుభావులు ఇంకా ఉన్నారన్నమాట అని కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆ రోజే నార్మన్ సర్కారుకు ఉత్తరం పంపాలి. ఈ పని చేయగలవాళ్లు ఈ దేశంలో దొరకలేదు, అందుకే హైదరాబాదు మనిషిని ఉంచుకుంటున్నాం అని. ఉత్తరం లేకపోతే నెలాఖరుకి పర్మిట్ ముగుస్తుంది, శేషాద్రి విమానం ఎక్కుతాడు. అది 1998. తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి నాలుగేళ్లు, ఉద్యోగాలు ముందు ఇక్కడివాళ్లకే అంటున్నారు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా శేషాద్రిది. వెబ్ సర్వర్లు నాకు కొట్టిన పిండి అని ఇంటర్వ్యూలో కోసేశాడు. ఆ పిండంతా ‘వెబ్ సర్వరు నడపడం ఎలా?’ అనే ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. ఆ పేరు ఎవరి కంటా పడకుండా, ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరులో లక్ష్మీదేవి కాగితం చింపి అట్ట వేశాడు. నార్మన్ అడిగితే ప్రార్థన పుస్తకం అన్నాడు. “కొత్త దేశంలో ఎవరి దేవుడు వాళ్లకి,” అని నార్మన్ మళ్లీ అడగలేదు.

తీరా బయల్దేరబోతే పుస్తకం లేదు. ఇల్లంతా వెతికేసరికి ఏడున్నర దాటింది.

“దేవుడి బుక్కు బూట్ల పక్కన పెడతావేటి బాబూ? షేమ్,” అంది గది అద్దెకిచ్చిన ఇంటావిడ అమ్మణి.

పుస్తకం పూజగదిలో ఉంది. పైన పసుపూ కుంకుమా, ముందు దీపం, చుట్టూ పదిమంది ఆడవాళ్లు. వాళ్ల ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు. వీళ్లకి తెలుగు అక్షరం రాదు, కనబడితే మాత్రం కళ్లకద్దుకుంటారు.

“అది నాకు అర్జెంటుగా కావాలి ఆంటీ.”

“జస్ట్ నౌ ఇస్తాను.” ఆ దేశంలో జస్ట్ నౌ అంటే సాయంత్రం లోపు అని. “దీపం ఎలిగించేసాం, సదవకుండా తియ్యకూడదు. మా అవ్వ పోయింతర్వాత ఈ ఇంట్లో తెలుగు బుక్కు ఎవులూ సదవనేదు. నువ్వు సదువు.”

అప్పుడే ఫోను మోగింది. నార్మన్ ఆ రోజే పెందరాళే వచ్చాడు. “సర్వరు తెరుచుకోవడం లేదు. ఎనిమిదిలోపు తెరిపిస్తే సంతకం పెడతాను. ఫోన్లెత్తే యువికాని దాని ముందు కూర్చోబెట్టాను. ఏం కొట్టాలో చెప్పు.”

ఉద్యోగం గోవిందా అనుకుంటూ శేషాద్రి ఫోను ఒళ్లో పెట్టుకుని దీపం ముందు కూర్చున్నాడు. తొమ్మిదో అధ్యాయం తీసి, చిన్నప్పుడు వ్రతాల్లో విన్న రాగం ఒకటి అందుకున్నాడు.

“రీస్టార్టూ ది మెషీనూ... టైపూ సింగిలూ...”

“అయ్యో, పెళ్లి కానేదా?” అంది కోగీ అనే ఆవిడ. “ఏటక్కా, ఇది ఇంగ్లీషులాగుంది.”

“నోరుముయ్యి. ఇండియాలో ఇప్పుడు ఇలాగే సదువుతారు. ఆ బాబు ఆగినప్పుడల్లా గోవిందా అనండి.” అమ్మణి కళ్లలో నీళ్లు తిరిగాయి. శేషాద్రికి నిజంగానే సిగ్గేసింది, కానీ ఎనిమిదికి పది నిమిషాలే ఉంది.

“ఎంటరూ న్యూ పాస్‌వర్డూ...”

“గోవిందా,” అన్నారు పదిమందీ.

“రీటైపూ న్యూ పాస్‌వర్డూ...”

“గోవిందా.”

“రెండుసార్లూ గోవిందా అనే కొట్టాను, తీసుకుంది. తెరుచుకుంది,” అంది ఒళ్లోంచి యువికా గొంతు.

వెంటనే నార్మన్ ఫోను అందుకున్నాడు. “బాగుంది శేషాద్రీ. కానీ ఒక చిక్కు. ఈ పని చేయగలవాళ్లు దేశంలో లేరని నేను రాయాలి. నా కళ్లముందే ఇక్కడి వెరులం ఊరి పిల్ల యువికా పది నిమిషాల్లో చేసింది. ఇక ఎలా రాయను?”

శేషాద్రి ఫోను పెట్టేసి పుస్తకం మూసి, నెలాఖరుకి తన పర్మిట్ కూడా గోవిందా అన్నాడు. అమ్మణి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

“మా గుడికి పూజారి నేక రెండేళ్లయింది బాబూ. తెలుగు సదివేవోడు ఈ దేశంలో నేడని గవర్నమెంటుకి రాసాం, సరే, బయటోణ్ణి పెట్టుకోమన్నారు. మనిషే దొరకనేదు.”

నెలాఖరుకి పర్మిట్ వచ్చింది. వృత్తి: పూజారి. శేషాద్రి సర్వరు పుస్తకం అసలు అట్ట ఊడదీసుకుని, మిగతాది లక్ష్మీదేవి కాగితంతో సహా యువికాకి పంపాడు. తర్వాత ‘పూజలు చేయించడం ఎలా?’ అనే పుస్తకం తెప్పించుకుని, పేరు ఎవరి కంటా పడకుండా దానికి ఆ సర్వరు అట్ట వేశాడు.