అల్లుడు కొట్టిన మిస్డ్ కాల్

ఆ రోజు పొద్దున మార్కండేయ వేసుకున్న పథకం చాలా చిన్నది. కామారెడ్డిలో మొదటి బస్సెక్కాలి. ఎల్లారెడ్డిలో దిగి అత్తగారి ఊరికి ఆటోలో పోవాలి. అత్తగారి ఫోను అడిగి తీసుకుని ఒకే ఒక్క మిస్డ్ కాల్ కొట్టాలి. మధ్యాహ్నం కోడికూర తిని తిరిగి రావాలి. భూమేశ్ పరువు ఈ మధ్యలో ఎక్కడో ఒకచోట పోతుంది. దానికోసం ప్రత్యేకంగా చెమటోడ్చే పని లేదు.

మార్కండేయ, భూమేశ్ ఇద్దరూ యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. ఒకే గది, ఎదురెదురు బల్లలు. మార్కండేయ సీనియరు. ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే ప్రోగ్రాం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నాడు. దానికి ఏ ఆకు చూపినా తెగులే కనబడేది. ఒకసారి ప్రిన్సిపాలుగారి పచ్చ చొక్కా చూసి అగ్గితెగులని తేల్చేసింది. ఆ తర్వాత పరిశోధన కొంచెం నెమ్మదించింది.

మాచారెడ్డి రైతు కొడుకు భూమేశ్ నిన్నగాక మొన్న వచ్చి ఒక ఇనుప పెట్టె తయారుచేశాడు. లోపల సిమ్ కార్డు. పెట్టెను పొలం మోటారు స్టార్టరుకు కట్టి, ఇంటి నుంచి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు నడుస్తుంది. ఇంకో మిస్డ్ కాల్ ఇస్తే ఆగుతుంది. కరెంటు ఎప్పుడొస్తుందా అని బావి దగ్గర కాపలా పడుకునే బాధ రైతుకు ఉండదు. హైదరాబాదు నుంచి నిపుణుల బృందం వచ్చి చూసి, మెచ్చితే కొత్త పరిశోధన ల్యాబు భూమేశ్ చేతికి వస్తుంది. ల్యాబుతోపాటు ఇన్‌చార్జి కుర్చీ కూడా. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని ఆ తిరుగుడు కుర్చీలో మార్కండేయ, ఎవరూ లేనప్పుడు, అప్పటికే కూర్చుని చూశాడు. కొలత సరిగ్గా సరిపోయింది.

కుర్చీ సంగతి ఎట్లాగో దిగమింగేవాడేమో. కానీ భూమేశ్ పెట్టెను బిగించిన పొలం సాక్షాత్తూ మార్కండేయ మామ లింగయ్యది. పోయిన నెల భోజనానికి కూర్చున్నప్పుడు లింగయ్య కోడి తొడ ముక్కను భూమేశ్ కంచంలో వేసి, అల్లుడికి మెడ ముక్క వేశాడు. "మా అల్లుడు కూడ ఏందో చేస్తడు సారూ. కండ్లకు కనవడదిగాని" అని పరిచయం చేశాడు. ఆ మెడ ముక్క మార్కండేయ గొంతులో ఇప్పటికీ అడ్డంగానే ఉంది.

బయలుదేరుతుంటే భార్య ప్రణీత అడిగింది. "ఇయ్యాల మీకు సెలవా?"

"మీ అమ్మను చూసి శాన రోజులైతుంది గదా. ఒకపారి పోయొస్త."

ప్రణీత కళ్లు మెరిశాయి. "నాకు ఎర్కే. భూమేశ్ అన్న పెట్టె చూపిచ్చేది ఇయ్యాల్నే గదా! తోటోనికి తోడు నిలవడాల్నంటే ఎంత మంచి మనసుండాలె."

మార్కండేయ చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి మొహం దాచుకున్నాడు.

భూమేశ్ ఆ పెట్టె గురించి గదిలో ఎన్నిసార్లు వివరించినా మార్కండేయ కిటికీలోంచి గేదెలను చూస్తూ కూర్చున్నాడు. వింటే మెచ్చుకోవలసి వస్తుందని భయం. అందుకని అతనికి తెలిసింది సగమే. ఆ పెట్టె భూమేశ్ నంబరుకూ లింగయ్య ఇంటి నంబరుకూ మాత్రమే పలుకుతుందని తెలుసు. పలికాక, కాల్ కట్ చేసి, పని అయిందని చెప్పడానికి కొట్టినవాళ్లకే తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇస్తుందని తెలియదు. ఆ మాట చెప్పినప్పుడు ఒక గేదె బురదలో దిగుతూ ఉండింది.

ఊరి చివర డాబా ఇల్లు లింగయ్యది. మార్కండేయ వెళ్లేసరికి మామ పొలం దగ్గర ఉన్నాడు. అత్త విమలమ్మ ఎదురొచ్చింది.

"వచ్చినవా అల్లుడా! భూమేశ్ సారు తెల్లారకముందే వచ్చిండు. చాయ్ తాగుమంటే గూడ తాగలే, పని మీదున్నడు. నువ్వు తాగుతవు గదా?"

తాగాడు. తాగి డాబా ఎక్కాడు. అక్కడి నుంచి యాసంగి వరి మడులు, మోటారు పెట్టిన రేకుల కొట్టం, మడిలోకి వంగిన లావుపాటి పైపు స్పష్టంగా కనబడుతున్నాయి. యూనివర్సిటీ జీపు వచ్చి ఆగింది. బృందానికి పెద్ద అయిన మేడం నూలు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గట్టు మీద నడిచింది. భూమేశ్ తన ఫోను తీశాడు. పైపు బుస్సుమని నీళ్లు కక్కింది. లింగయ్య చప్పట్లు డాబా దాకా వినబడ్డాయి.

"అత్తమ్మా, జర ఫోనియ్యవా? నాదాంట్ల బ్యాలెన్స్ లేదు" అని కిందికి దిగి అడిగాడు.

విమలమ్మ నడుముకు చెక్కుకున్న చిన్న సంచిలోంచి ఇంటి ఫోను తీసింది. "జల్ది ఇయ్యి బిడ్డా. మా అక్క కొట్టే యాళ్లయింది."

ఆ ఫోను సంగతి కొంచెం చెప్పుకోవాలి. విమలమ్మకు అక్షరాలు రావు, అంకెలు రావు. బీర్కూర్‌లో ఉండే ఆమె అక్క ఈరవ్వ బువ్వ తిన్న ప్రతిసారీ ఒక మిస్డ్ కాల్ కొడుతుంది. నేను తిన్న, నువ్వు తిన్నవా అని దానికి అర్థం. విమలమ్మ పచ్చ గుండీ రెండుసార్లు నొక్కుతుంది. చివరగా ఏ నంబరుకు కొట్టి ఉంటే ఫోను దానికే పోతుంది. పెట్టెను కూడా ఇన్నాళ్లూ భూమేశే నడిపాడు. ఆ ఫోను నుంచి ఈరవ్వకు తప్ప ఇంకెవరికీ ఎన్నడూ కొట్టలేదు గనక ఇన్నేళ్లూ తేడా రాలేదు. అక్క కొట్టిన మిస్డ్ కాల్‌కు బదులివ్వకపోవడం ఆ ఇంట్లో, గడపలో నిలబడ్డ చుట్టానికి నీళ్లియ్యకపోవడంతో సమానం.

మార్కండేయ ఫోనుతో మళ్లీ డాబా ఎక్కి పెట్టె నంబరుకు కొట్టాడు. పైపు నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. భూమేశ్ పెట్టె వైపు పరుగెత్తడం చూశాడు. కడుపు చల్లబడింది. మెట్లు దిగి ఫోను అత్త చేతిలో పెట్టి, తమాషా దగ్గర నుంచి చూడడానికి పొలం దారి పట్టాడు.

అతను వాకిలి దాటాడో లేదో, ఫోను ఒకసారి మోగి ఆగింది.

"అక్క తిన్నది" అనుకుంది విమలమ్మ. పచ్చ గుండీ రెండుసార్లు నొక్కింది.

పొలంలో మేడం నీళ్లెందుకు ఆగాయో చూద్దామని పైపులోకి తొంగి చూస్తోంది. మోటారు గుర్రుమంది. ఒక బకెట్టు నీళ్లు ఆమె మొహాన పడ్డాయి. పెట్టె పని అయిందని విమలమ్మకు మిస్డ్ కాల్ ఇచ్చింది. విమలమ్మ మళ్లీ నొక్కింది. మోటారు ఆగింది. పెట్టె మళ్లీ చెప్పింది. మర్యాదలో పెట్టె విమలమ్మకు తీసిపోలేదు, విమలమ్మ పెట్టెకు తీసిపోలేదు.

మార్కండేయ చేరేసరికి మోటారుకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పైపు కక్కుతుంది, ఆగుతుంది, కక్కుతుంది. తను ఒకసారే కదా కొట్టింది! మొదట ఆనందం రెట్టింపైంది. తర్వాత మామ మొహం చూశాడు.

"మోటరు కాలిపోతది సారూ! పంట పొట్ట మీదున్నది, ఇప్పుడు కాలితే నేను మునుగుత!" లింగయ్య తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

భూమేశ్ ఫ్యూజు పీకబోయాడు. తడిసి ముద్దయిన మేడం చేయి అడ్డం పెట్టింది. "ముట్టుకోకండి. తప్పు జరుగుతున్నప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం?"

మార్కండేయ కరెంటు పోవాలని మనసులో మొక్కుకున్నాడు. రోజూ ఆ వేళకు ఠంచనుగా పోయే కరెంటు, పెద్దోళ్లు వస్తున్నారని ఎవరో చెప్పి పెట్టినందుకు, ఆ రోజు ధ్వజస్తంభంలా నిలబడింది. ఇక లాభం లేదని గట్ల మీద పడి ఇంటికి పరుగెత్తాడు. రెండుసార్లు మడిలో జారి, మోకాళ్ల దాకా బురదతో చేరేసరికి తలుపుకు తాళం.

పక్కింటామె చెప్పింది. "మీ అత్తమ్మ ఏడ్సుకుంట పోయింది. బీర్కూర్ పెద్దమ్మకు పాణం బాగలేదంట. ఉత్తగ ఫోన్ కొట్టుడే కొట్టుడంట. ఈమె తిరిగి కొడ్తే కట్ చేస్తున్నదంట. నోరు వడిపోయిందో ఏమో పాపం! మైసన్న ఆటో మాట్లాడుకొని, మీ మామను తోలుకపోదామని బాయి కాడికి పోయింది."

మార్కండేయ వచ్చిన గట్ల మీదే మళ్లీ పరుగెత్తాడు.

అప్పటికే ఆటో పొలం దగ్గర ఆగింది. విమలమ్మ దిగుతూనే శోకం ఎత్తుకుంది. "ఓ మా అక్కో! మాట వడిపాయెనే! ఎన్నిపార్ల కొడ్తున్నవే అక్కో!" లింగయ్య మోటారును మరిచి భార్య వైపు నడిచాడు. ఊరికి కొత్త అయిన మేడం కూడా ఏదో ఘోరం జరిగిందని తల వంచి నిలబడింది.

విమలమ్మ చేతిలో ఫోను ఒకసారి మోగింది.

"అగో! మళ్ల కొట్టింది!" ఏడుస్తూనే పచ్చ గుండీ నొక్కింది.

మోటారు ఆగింది.

మేడం తల ఎత్తింది. ఫోను మోగింది. విమలమ్మ నొక్కింది. మోటారు నడిచింది. మేడం ఆమె చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని చూసింది. "అమ్మా, ఇది మీ అక్కగారు కాదు. ఈ పెట్టె."

"పెట్టెనా?" విమలమ్మ శోకం సగంలో ఆపింది. "పెట్టెకు నాతోని ఏం పని?"

"దీనికి మీరు మొదట ఎప్పుడు కొట్టారు?"

"నేనెందుకు కొడ్త! పొద్దుగాల మా అల్లుడు ఫోనియ్యమని డాబ మీదికి తీస్కపోయిండు. గప్పటిసంది గిదే లొల్లి."

అందరూ తిరిగి చూశారు. బురద కారుతున్న ప్యాంటుతో, రొప్పుతూ, మార్కండేయ అప్పుడే గట్టు దిగుతున్నాడు. లింగయ్య చూపు నిలువునా కోసింది. ప్రణీత చెప్పిన మంచి మనసు, తిరుగుడు కుర్చీ, సీనియరు పేరు అన్నీ ఒకేసారి మడిలో కలిసిపోవడం మార్కండేయ కళ్లారా చూశాడు. నోరు తెరిచాడు. ఈసారి నిజంగా మాట పడిపోయింది ఈరవ్వకు కాదు.

"నేనే చెప్పిన మేడం" అన్నాడు భూమేశ్.

వెనక పైపు ఇప్పుడు తెంపు లేకుండా నీళ్లు పోస్తోంది.

"ఎవ్వలకు చెప్పకుండ నడిమిట్ల కొట్టి చూడన్నా, నిజంగ తట్టుకుంటదో లేదో తెలుస్తదని నేనే అడిగిన. అన్న నా కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిండు." భూమేశ్ చూపు మాత్రం పెట్టె మీద ఉంది, మార్కండేయ మీద లేదు.

మేడం చీర కొంగు పిండుకుంటూ నవ్వింది. "ఇంతసేపు ఇన్ని దెబ్బలు తిన్నా మోటారు కాలలేదు, పెట్టె చెదరలేదు. మా ల్యాబులో కూడా ఇంత గట్టి పరీక్ష పెట్టం. భూమేశ్‌గారూ, ల్యాబు మీదే. కానీ మనిషీ మిషనూ ఒకరికొకరు బదులిచ్చుకుంటూ పోతే ఆపేదెవరు? ముందు ఆ సంగతి తేల్చాలి."

"అది అన్న చూస్కుంటడు మేడం. నా కింద... అంటే, నాతోని కలిసి."

మార్కండేయకు ఒళ్లు మండింది. కుర్చీ పోతే పోయింది, తొడ ముక్క పోతే పోయింది, ఆఖరికి మంచితనంలో కూడా వీడే ముందుండాలా? గట్టు మీద ఇద్దరే మిగిలినప్పుడు పళ్ల సందుల్లోంచి అడిగాడు. "తమ్మీ, ఎందుకట్ల చెప్పినవ్?"

"నువ్వు కొత్త కుర్చీల కూసున్ననాడు నేను బయటనే ఉన్ననన్నా" అన్నాడు భూమేశ్. "కవరు గూడ విప్పకుండ ఎంత భద్రంగ కూసున్నవ్! గట్ల కూసున్నోన్ని ఎట్ల పట్టియ్యాలె?"

భోజనాల దగ్గర లింగయ్య పొంగిపోతూ ఉన్నాడు. "తోటోని పని కోసం బురదల పొర్లిండు మా అల్లుడు! గిప్పుడు కండ్లకు కనవడ్డది" అని తొడ ముక్క తీసి మార్కండేయ కంచంలో వేశాడు. ఎన్నాళ్లో కోరుకున్న ముక్క. కొరికితే రబ్బరులా సాగింది.

అంతలో విమలమ్మ ఫోను ఒకసారి మోగి ఆగింది. చేతులన్నీ కంచాల్లోనే నిలిచిపోయాయి. అందరూ మోటారు దిక్కు చెవులు పెట్టారు. చడీచప్పుడూ లేదు.

"గిది మా అక్కనే" అంది విమలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "తిన్నదట."

గుండీ నొక్కబోతే నలుగురూ ఒక్కసారే ఆమె చేయి పట్టుకున్నారు.

పెట్టెలో ఇప్పుడు మూడో నంబరు కూడా ఎక్కించారు. లింగయ్య పొలంలో మోటారు నడిచినా ఆగినా, పరిశోధన కోసం, మొదటి మిస్డ్ కాల్ మార్కండేయకే వస్తుంది. తిరిగి కొట్టగూడదన్నది ఇన్‌చార్జిగారి ఆర్డరు.