మా ఊరి పేరు తప్పు పలికేవాళ్లు చల్లగా ఉండాలి

మా ఊరి పేరును తప్పుగా పలికేవాళ్లు నూరేళ్లు చల్లగా ఉండాలి! వాళ్లే లేకపోతే మా ఊళ్లో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లమా?

మాది జర్మనీలో ఓ చిన్న ఊరు. రాత చూసి పరాయివాళ్లు ఎల్లెన్‌బ్రోయిష్ అంటారు. కాదు, ఎల్లెన్‌బ్రోఖ్. మధ్యలో కనిపించే 'ఇ' నోరెత్తకూడదు, 'ఓ'ను సాగదీయడానికే అక్కడుంది. ఈ సంగతి చెప్పే అవకాశం దొరికితే మావాళ్లు పొయ్యి మీద కూర మాడిపోతున్నా కదలరు. నిరుడు దారి అడిగిన లారీ డ్రైవర్‌కు ముగ్గురం కలిసి ఉచ్చారణ నేర్పాం. ఎంత చక్కగా నేర్చుకున్నాడో! దారి చెప్పడం మాత్రం మరిచిపోయాం.

ఇక పేరు పుట్టుక. బ్రోఖ్ అంటే బురదనేల, దీంట్లో పేచీ లేదు. మరి ఎల్లెన్? ఆల్డర్ చెట్ల పేరని ఒక వర్గం, ఎల్లా అనే దొరసాని పేరని మా వర్గం. ఇద్దరి దగ్గరా ఆధారాలు లేవు కాబట్టి వాదనకు అంతూ లేదు. ఇంత చవకైన వినోదం ఇంకే ఊరికుంది చెప్పండి?

మొన్న మా ఈతకొలను మూసేయాలన్న ఆలోచన మీద సభ పెట్టారు. మోకాళ్లు అరిగిపోయిన మా ఆవిడ హిల్ట్రూడ్‌కు నొప్పి లేకుండా కదలగలిగే చోటు ఆ నీళ్లొక్కటే. అభ్యంతరాలుంటే సభలోనే చెప్పాలి. ఎనిమిదింటికల్లా హాలును కార్నివాల్ బృందానికి అప్పగించాలి. పురపాలక సంఘం తరఫున సభ నడపడానికి మ్యూనిక్ నుంచి వచ్చిన సలహాదారు ఆష్‌బాకర్ మైకు పట్టుకుని, "ఎల్లెన్‌బ్రోయిష్ పౌరులారా" అన్నాడు.

అంతే, హాలంతా లేచి నిలబడింది.

"బ్రోఖ్ అనండి సార్, బ్రోఖ్," అన్నాడు మందులషాపు క్విరీన్. "ఎల్లెన్ అంటే మా చెట్లు."

"చెట్లా, నీ మొహం. దొరసాని పేరది," అన్నాను నేను.

ఆష్‌బాకర్ ఎంత వినయంగా విన్నాడనుకున్నారు! వాదన కాస్త చల్లబడితే చాలు, "మరి ఆ దొరసాని ఎవరండీ?" అని తనే అడిగేవాడు. చరిత్ర మీద అంత శ్రద్ధ ఉన్న సలహాదారును నేనెక్కడా చూడలేదు. ఎనిమిదింటికి కార్నివాల్ వాళ్లు డప్పులతో వచ్చేశారు. అభ్యంతరాలేవీ రాలేదని ప్రకటించి, ఆయన కొలను మూసివేత ఖాయం చేశాడు.

ఇంటికొచ్చాక హిల్ట్రూడ్ మోకాళ్లకు వేడినీళ్ల సంచి పెట్టుకుంటూ అంది. "పొద్దున బేకరీలో నా ముందు నిలబడింది ఆ ఆష్‌బాకరే. మన ఊరి పేరు మనకంటే శుభ్రంగా పలికాడు."

నేను దిగ్గున లేచాను. "ఆ మాట సభలో చెప్పకపోయావా?"

"చెబుదామనే లేచానండీ. దొరసాని సంగతి తేలేదాకా కూర్చోమన్నది మీరేగా."