గోడకు ఆనిన బొటనవేలు

ఆ ఆదివారం ఉదయం సర్వేయరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి హాల్లో గోడకు ఒక మేకు కొట్టాలి. ఎనిమిదింబావుకు మామగారి ఫోటో తగిలించాలి. ఎనిమిదిన్నరకల్లా కింద రాలిన సున్నం ఊడ్చేసి, ఆ ఫోటో ఆరు నెలలుగా అక్కడే వేలాడుతున్నట్టు మొహం పెట్టుకుని కూర్చోవాలి. పదింటికి భార్య అన్నగారు, వదినగారు వస్తారు.

ఆ ఫోటో వెనక మూడేళ్ళ కథ ఉంది. అప్పట్లో ఒకరోజు అన్నగారు చెల్లెలింటికి వచ్చినప్పుడు, పోయిన తండ్రి ఫోటో బీరువా మీద, సూట్‌కేసు వెనక, గోడవైపు తిరిగి కనిపించింది. అన్నగారు హైస్కూలు హెడ్మాస్టరు. తప్పు చేసినవాణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టడం ఆయనకు అలవాటే గానీ, కన్నతండ్రిని అలా నిలబెడితే ఓర్చుకోలేకపోయాడు. తాగుతున్న కాఫీ సగంలో వదిలేసి, "ఈ ఇంట్లో మా నాన్నకి గోడ దొరకలేదన్నమాట," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే, గొంతు గుర్తుపట్టడమే ఆలస్యం, పెట్టేసేవాడు.

సర్వేయరు మాత్రం ఏం చేశాడు? "రేపు కొడతాను" అన్నాడు. మూడేళ్ళుగా ఆ మేకును రేపటికే కొడుతూ వచ్చాడు.

పోయిన వారం వదినగారు ఎలాగో మొగుణ్ణి ఒప్పించి ఫోన్ చేతికిచ్చింది. ఆయన అడిగింది ఒకే ఒక్క మాట. "ఫోటో గోడకుందా?" చెల్లెలికి నోరు ముందు, ఆలోచన వెనక. "ఆర్నెల్లయింది అన్నయ్యా!" అనేసింది.

"ఇవాళ గనక అన్నయ్య గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడో, ఇక నాకు పుట్టిల్లు లేనట్టే. గుర్తుపెట్టుకోండి," అంది పొద్దున్నే, మొగుడి చేతికి సుత్తి ఇస్తూ.

"ఒక్క మేకేగా," అన్నాడు సర్వేయరు.

"మీరు ఒక్క మేకేగా అనబట్టే మూడేళ్ళయింది."

వేరేవాళ్ళయితే కంటి అంచనాతో కొట్టేసేవాళ్ళు. ఇతను ఊళ్ళో వాళ్ళ పొలాలూ స్థలాలూ కొలిచి బతికేవాడు. వంటింటి గుమ్మం నుంచి కిటికీ దాకా టేపు పెట్టి కొలిచాడు. సగం చేశాడు. దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు చూశాడు. పెన్సిలుతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. సరిగ్గా మధ్య, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఇల్లు కట్టినప్పుడు గోడలో నీళ్ళ పైపు వేసిన మేస్త్రీ కూడా అంత ఖచ్చితమైన మనిషేనని అతనికి తెలియదు.

మొదటి మూడు దెబ్బలకు మేకు మొండికేసింది. నాలుగో దెబ్బకు వెన్నలోకి దిగినట్టు దిగింది. "గోడ మంచిది," అనుకుని ఫోటో తగిలించాడు. భార్య వెనక్కి వెళ్ళి, నడుమున చెయ్యి పెట్టుకుని చూసింది.

"కొంచెం ఎడమకి... ఆఁ, చాలు. బాగుందండీ. అదేంటి, నాన్నకి చెమట పట్టిందేం?"

నిజమే. ఫ్రేము పైనుంచి ఒక చుక్క అద్దం మీదికి జారి మామగారి నుదుటి మీద ఆగింది. దాని వెనకే ఇంకొకటి. ఆ పైన మీసాల మీదుగా ఒక కాలువ. సర్వేయరు గబగబా ఫోటో దించి కుర్చీలో పెట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. పట్టకారు తెచ్చి, మేకును అటూ ఇటూ ఆడించి, ఒక్క గుంజు గుంజాడు.

గోడలోంచి వేలంత ధార తన్నుకొచ్చి తెరిచిన నోట్లో పడింది. ఉక్కిరిబిక్కిరై, ఇంకేమీ తోచక బొటనవేలు కన్నం మీద అదిమిపెట్టాడు. ధార ఆగింది. ధారతోపాటు అతని కదలిక కూడా ఆగింది.

భార్య ప్లంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మేకు గోడలోనే ఉందా అమ్మా?"

"లేదయ్యా, పీకేశారు."

"అదే పీకొద్దని చెబుదామనుకున్నా. ఉన్నంతసేపూ బిరడాలా ఉండేది. సరే, మెయిన్ వాల్వు కట్టెయ్యండి. గంటలో వస్తా."

"గంటా! ఈలోగా ఏం చెయ్యాలి?"

"ఈలోగా సార్‌ని అక్కడే ఉండమనండి."

మేకు మళ్ళీ పెట్టి చూశారు. ఆడించి పీకడంతో కన్నం వెడల్పయి, మేకు వచ్చి పాదం మీద పడింది. ఇక వాల్వు ఒక్కటే దిక్కు. భార్య మెట్ల కిందకు పరుగెత్తింది. అక్కడ ఆ మేడలోని ఆరు ఇళ్ళకు ఆరు వాల్వులు, అచ్చంగా ఒక్కలాంటివి. దేని మీదా ఏ ఇంటిదో రాసి లేదు.

"కట్టాను! ఆగిందా?" కిందనుంచి కేక.

సర్వేయరు వేలు కాస్త వదిలి చూశాడు. కంట్లో కొట్టింది. "లేదు!"

"ఇప్పుడో?"

"లేదు!"

మూడోసారి అతను జవాబు చెప్పేలోగా పై అంతస్తునుంచి పొలికేక వినిపించింది. అక్కడ ఈత నేర్పే మాస్టారు ఉంటాడు. వారమంతా నీళ్ళలోనే ఉండే ఆయనకు ఆ పూట ఒంటినిండా సబ్బు రాసుకున్నాక చెంబెడు నీళ్ళు కరువయ్యాయి. తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ మెట్లు దిగుతున్న ఆయన అడుగుల చప్పుడు సర్వేయరు చెవిన పడింది.

"ఎవరండీ ఆ పుణ్యాత్ములు? సబ్బు రాసుకున్నవాడికి నీళ్ళు కట్టేస్తారా?"

"నేనే మాస్టారూ! మా గోడలో ధార కొడుతోంది!"

"నా కళ్ళల్లో మంట కొడుతోంది తల్లీ! ఏదీ నాది?"

ఆవిడ కట్టినవి ఆయన కళ్ళు మూసుకునే విప్పాడు. విప్పినవి ఆవిడ మళ్ళీ కట్టింది. కట్టిందా, విప్పిందా అన్నది చివరికి ఇద్దరికీ తెలియలేదు. ఆఖరున ఆరోది మిగిలింది. అది తుప్పు పట్టి కదలడం లేదు. ఇద్దరూ కలిసి బలం పట్టారు. టక్కుమని ఏదో విరిగింది.

"ఏమండీ," అంది భార్య, ఏడుపు గొంతుతో. "మనదే. చక్రం ఊడి చేతికొచ్చేసింది."

మేడ మీద ట్యాంకు దగ్గర కట్టేద్దామంటే, పైకెళ్ళే తలుపు తాళంచెవి ఇంటివాళ్ళ దగ్గరుంది. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు.

అప్పటికి తొమ్మిది. హెడ్మాస్టర్లు చెప్పిన వేళకు గంట ముందే వస్తారన్న సంగతి ఎవరూ తలచుకోలేదు. తెరిచి ఉన్న గుమ్మంలో నీడ పడింది. సర్వేయరు సుత్తినీ మేకునూ కాలితో సోఫా కిందికి తన్నడం ఒక్కటే చెయ్యగలిగాడు.

హెడ్మాస్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎదురుగా కుర్చీలో తండ్రి ఫోటో. దాని ముందు, గోడకు చెయ్యి ఆనించి తల వంచుకున్న చెల్లెలి మొగుడు. మొహమంతా తడి. చొక్కా అంతా తడి. చలికి భుజాలు కదిలిపోతున్నాయి. మూడేళ్ళుగా దాచుకుని, దారిపొడుగునా వల్లెవేసుకుంటూ వచ్చిన దెప్పుడు మాట ఆయన మరిచేపోయాడు.

"బావగారూ... ఏడుస్తున్నారా?"

సర్వేయరు నోరు తెరిచాడు. కాదంటే ఎందుకు తడిశాడో చెప్పాలి. అది చెబితే మేకు ఎప్పుడు కొట్టాడో చెప్పాలి. "అదీ... కొంచెం," అన్నాడు.

"కొంచెమా! చొక్కా పిండితే బిందె నిండేట్టుంది," అంది వెనక నుంచి వదినగారు.

ఇంతలో భార్య లోపలికొచ్చి, అన్నను చూసి, చేతిలో వాల్వు చక్రాన్ని వీపు వెనక్కి దాచుకుంది. "రోజూ ఇంతే అన్నయ్యా. పొద్దున్నే ఫోటో దించి తుడుస్తారు. తుడుస్తూ తుడుస్తూ నాన్నని తలుచుకుని... నేనెంత చెప్పినా ఆగరు."

సర్వేయరు నిర్ఘాంతపోయాడు. పెళ్ళయిన పదమూడేళ్ళలో భార్యకు ఇంత విద్య ఉందని అతనికి తెలియదు. మామగారు బతికుండగా ఆయనా ఇతనూ మాట్లాడుకున్నది మొత్తం రెండుసార్లు. అందులో ఒకటి ఫ్యాను వెయ్యమంటారా అని.

హెడ్మాస్టరు కళ్ళు చెమ్మగిల్లాయి. "కన్నకొడుకుని, నేనే ఇంతలా... మిమ్మల్ని ఎన్నెన్ని మాటలనుకున్నాను బావగారూ!" అంటూ రెండు చేతులూ చాచి ముందుకొచ్చాడు.

"వద్దండీ! దగ్గరికి రాకండి!"

"ఎందుకు రాను? ఇన్నాళ్ళూ రాకపోవడమే నా తప్పు!"

గట్టిగా కౌగిలించుకుని గోడ దగ్గర్నుంచి లాగేశాడు.

ధార సూటిగా వచ్చి హెడ్మాస్టరు మొహాన కొట్టింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. ఆయన కేకపెట్టి పక్కకు తప్పుకుంటే, ధార వెళ్ళి కుర్చీలో ఉన్న ఫోటో మీద పడింది. "నాన్నా!" అని ఒక్క దూకు దూకి, గోడలో కన్నానికి తన బొటనవేలు అడ్డం పెట్టాడు.

అప్పుడు ఆయనకు గోడ మీద పెన్సిలు గీతలు కనిపించాయి. రాలిన సున్నం కనిపించింది. చెల్లెలి చేతిలో చక్రం కనిపించింది.

"ఈ మేకు ఎప్పుడు కొట్టారు?"

"ఎనిమిదీ పది నిమిషాలకి," అన్నాడు సర్వేయరు. లెక్క అడిగితే తప్పు చెప్పడం అతనికి చేతకాదు.

"ఆర్నెల్లన్నావే!" చెల్లెలి మీద గర్జించాడు. "ఫోటో అబద్ధం! ఏడుపు అబద్ధం!" వదినగారి వైపు తిరిగి, "పదవే, ఈ గుమ్మం మళ్ళీ తొక్కితే ఒట్టు! బావగారూ, ఈ వేలు మీరు పెట్టండి, నేను వెళ్ళాలి."

సర్వేయరు బుద్ధిగా ముందుకు కదిలాడు. భార్య అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"మీరు కూర్చోండి."

"అదికాదే..."

"కూర్చోమన్నానా! అన్నయ్యా, మూడేళ్ళుగా నా గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నావు. ఇప్పుడు పెట్టెయ్, చూస్తాను."

హెడ్మాస్టరు తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. కుర్చీలో తండ్రి వైపు చూశాడు. "చెప్పి చావు," అన్నాడు.

"నాన్న పోయాక ఆ ఇంట్లోంచి చెంచా అయినా అడిగానా? ఆ ఫోటో ఒక్కటే తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాక చూడలేకపోయాను. అన్నం తింటున్నా ఆయనే, ఇల్లు ఊడుస్తున్నా ఆయనే. అందుకని నేనే బీరువా మీద పెట్టాను, నేనే గోడవైపు తిప్పాను. ఈయన బద్ధకం ఈయనది, నా దిగులు నాది. రెండూ కలిసి మూడేళ్ళయింది."

సర్వేయరుకు నీళ్ళు మొహాన కొట్టినప్పుడు కూడా అంత దిమ్మ తిరగలేదు. ఇన్నాళ్ళూ ఆ నేరమంతా తనదేననుకున్నాడు.

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా," అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

"ఎప్పుడు చెప్పను? నన్ను హలో దాకా అయినా ఉండనిచ్చావా?"

వదినగారు కొంగుతో కళ్ళజోడు తుడుస్తూ, "ఎలాగూ కదల్లేరు కాబట్టి, మనింట్లో మామయ్యగారి ఫోటో ఎక్కడుందో కూడా చెప్పెయ్యండి," అంది.

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? రంగులు వేయించినప్పుడు దించి, దుప్పట్లో చుట్టి, మంచం కిందికి తోశారు. ఏడాదిన్నరయింది. కొత్త రంగు మీద మేకు కొట్టడానికి చెయ్యి రావడంలేదట."

హెడ్మాస్టరు మోచేతి మీదుగా నీటి చుక్కలు టప్ టప్‌మని పడుతున్నాయి.

"మంచం కిందా!" అంది చెల్లెలు.

"దుమ్ము పడకుండా చుట్టానే. రెండు దుప్పట్లు..."

"అన్నయ్యా! మేం నాన్నని కూర్చోబెట్టాం. నువ్వు పడుకోబెట్టేశావు కదా!"

ముందు నవ్వింది వదినగారు. ఆపుకుందామని చూసి ఓడిపోయింది చెల్లెలు. సర్వేయరు నవ్వాలో వద్దో తేల్చుకోలేక దగ్గాడు. చివరికి హెడ్మాస్టరుకు కూడా కడుపులోంచి నవ్వు వచ్చేసరికి వేలు జారింది, నలుగురూ తడిశారు. మళ్ళీ వేలు పెట్టబోతే పట్టు దొరక్క బావగార్లిద్దరూ కలిసి రెండు వేళ్ళు పెట్టారు. ఏ వేలు ఎవరిదో తెలియకుండా అలాగే అరగంట నిలబడి, మామగారి కోపం గురించీ, ఆయన మీసాల గురించీ, ఆయన చేత తిన్న దెబ్బల గురించీ చెప్పుకున్నారు. నిజానికి చెప్పింది హెడ్మాస్టరు. సర్వేయరుకు ఫ్యాను సంగతి ఒక్కటే ఉంది, అదే చెప్పాడు.

ప్లంబరు వచ్చి, చక్రం ఊడిన వాల్వును కింద రెంచితో ఒక్క తిప్పు తిప్పి పైకొచ్చాడు. తడిసి ముద్దయిన నలుగురినీ మార్చి మార్చి చూశాడు.

"ఫోన్లో నేను ఇక్కడే ఉండమన్న సార్ ఎవరు?"

బావగార్లిద్దరూ నానిపోయి ముడతలు పడ్డ బొటనవేళ్ళు చూపించారు. ప్లంబరు గోడను రెండడుగులు తవ్వాలన్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వెళ్ళేముందు హెడ్మాస్టరు చెల్లెలి తల మీద చెయ్యి వేసి, "ఫోన్ చెయ్యి. పెట్టెయ్యనులే," అన్నాడు. సర్వేయరు వైపు తిరిగి, "వచ్చే ఆదివారం మీరు మా ఇంటికి రావాలి బావగారూ. మంచం కిందనుంచి నాన్నని తీస్తాను. మేకు మీరే కొట్టాలి," అన్నాడు.

సర్వేయరు మాట ప్రకారం టేపూ, పెన్సిలూ, సుత్తీ సంచిలో వేసుకుని వెళ్ళాడు. అవతలివాళ్ళు ఇంట్లో ఉన్న బిందెలూ బకెట్లూ అన్నీ నింపుకుని, మెయిన్ వాల్వు కట్టేసుకుని, అప్పుడు తలుపు తీశారు.